నీ వెనుక బెంచీ ప్రశ్నకు జవాబు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చేరి చాలా కాలమైంది. జవాబు రాయడంలో చేసిన ఆలస్యానికి మన్నించు. ఇక్కడ అందరం కుశలమే. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చిన్నవాడు ఇంటర్‌లో చేరాడు, మేడ పని ఇంకా సాగుతూనే ఉంది. మిగిలిన కబుర్లకు ఈ ఉత్తరంలో చోటు లేదు, ఎందుకంటే కొన్నాళ్ళుగా నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటి ఉంది. దానిని నీకే చెప్పాలి, ప్రశ్న నీది కాబట్టి.

ఎమ్మెస్సీలో లాండావ్ స్థాయిల పాఠం, అంటే అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్‌కు ఉండే విడివిడి శక్తిస్థాయిల పాఠం, జరిగిన మధ్యాహ్నం గుర్తుందా? "అయస్కాంత క్షేత్రం అంతటా ఒకేలా ఉన్నప్పుడు హామిల్టోనియన్‌లో, అంటే శక్తిని చెప్పే రాశిలో, స్థానాన్ని చెప్పే ఎక్స్ ఎందుకు మిగిలింది? తాను ఏ చోట ఉన్నదో ఎలక్ట్రాన్‌కు ఎవరు చెప్పారు?" అని వెనుక బెంచీ నుంచి నువ్వు లేచి అడిగావు. అది గేజ్ ఎంపిక (ఒకే క్షేత్రాన్ని రాసే పలు పద్ధతుల్లో ఒకదానిని ఎంచుకోవడం) మాత్రమేననీ పరీక్షలో రాదనీ జవాబు వచ్చింది. తరగతి నవ్వింది, నువ్వు కూర్చున్నావు. ఆ జవాబు తప్పు కాదు, కానీ తలుపు దగ్గరకు తీసుకువెళ్ళి తాళం వేసి వెళ్ళిపోయినట్లుంది. నీ ప్రశ్నను చివరిదాకా తరిమితే లాండావ్ స్థాయిల లెక్క అంతా గ్రూపు సిద్ధాంతం నుంచే, అంటే సౌష్ఠవాల (జరిపినా తిప్పినా వ్యవస్థ మారకపోవడాల) గణితం నుంచే బయటికి వస్తుందని ఇప్పుడు అర్థమైంది.

మొదటి నుంచి చెబుతాను, ఓపిక పట్టు. 1930లో, ఇరవై రెండేళ్ళ వయసులో, లాండావ్ ఈ సమస్యను సాధించాడు. మన పాఠంలో సదిశ పొటెన్షియల్‌ను, అంటే క్షేత్రాన్ని రాబట్టే రాశిని, వై దిశలో, ఎక్స్‌తో పాటు పెరిగేటట్లు తీసుకున్నారు. అలా తీసుకుంటే వై దిశలో జరిపినా హామిల్టోనియన్ మారదు, ఎక్స్ దిశలో జరిపితే మారుతుంది. పొటెన్షియల్‌ను మరోలా ఎంచుకుంటే నేరం ఎక్స్ నుంచి వైకి మారుతుంది. క్షేత్రానికి లేని పక్షపాతం సమీకరణానికి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నీ బాధ. అయితే ఎక్స్ దిశలో కొంత దూరం జరిపినప్పుడు పొటెన్షియల్‌లో చేరేది ఒక స్థిరమైన సదిశ మాత్రమే. ఎలక్ట్రాన్ స్థితిని చెప్పే తరంగ ప్రమేయాన్ని వైతో పాటు మారే ఒక దశతో (తరంగం తన ఆవర్తనంలో ఎక్కడుందో చెప్పే కోణంతో) గుణిస్తే ఆ అదనం పూర్తిగా రద్దవుతుంది. కనుక వట్టి జరుపుడు సౌష్ఠవం కాకపోయినా, జరుపుడూ దశా కలిసిన జంట సౌష్ఠవమే. సౌష్ఠవం పోలేదు మిత్రమా, వేషం మార్చుకుంది.

అసలు విడ్డూరం ఇప్పుడు మొదలవుతుంది. మామూలు జరుపుళ్ళు వినిమయ న్యాయాన్ని పాటిస్తాయి. తూర్పుకు జరిపి ఉత్తరానికి జరిపినా, ముందు ఉత్తరానికి జరిపి తరువాత తూర్పుకు జరిపినా చేరేది ఒకే చోటికి. ఈ కొత్త జంటలతో కూడా చేరే చోటు ఒకటే, కానీ రెండు దారుల్లో చేరిన తరంగ ప్రమేయాల మధ్య ఒక దశాభేదం మిగిలిపోతుంది. లెక్క కట్టి చూస్తే ఆ భేదం, రెండు దారుల మధ్య చిక్కిన దీర్ఘచతురస్రంలోంచి పోయే అయస్కాంత అభివాహాన్ని (క్షేత్రాన్ని విస్తీర్ణంతో గుణించినది) ఆవేశంతో గుణించి, తగ్గించిన ప్లాంక్ స్థిరాంకంతో భాగించినదే. గట్టు వెంట ఒక చుట్టు నడిచివచ్చినవాడు చేను విస్తీర్ణం చెప్పినట్లుగా, అంచున తిరిగిన ఆవేశం లోపలి అభివాహం ఎంతో చెబుతోంది. ఏ గేజ్ తీసుకున్నా ఈ సంఖ్య మారదు, కాబట్టి దీనిని ఎంపిక అని కొట్టిపారేయలేము.

మనం గ్రూపులు నేర్చుకున్నది భగవంతం గారూ వెంకటరాయుడు గారూ కలిసి రాయగా 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించిన గ్రంథం నుంచి కదా. అణువులను తిప్పడం, అద్దంలో చూడడం, క్యారెక్టర్ పట్టికలు నింపడం నీకు ఇప్పటికీ కంఠతా వచ్చి ఉంటాయి. అక్కడ అణువుకు లేని సౌష్ఠవం పట్టికలోకి రాదు. ఇక్కడ సౌష్ఠవం ఉండి కూడా గ్రూపు గుణకార నియమం ఒక దశ మేరకు పక్కకు జరిగింది. ఇలాంటి ప్రాతినిధ్యాల (గ్రూపును మాత్రికలుగా రాసే పద్ధతుల) గురించి గణితవేత్త హెర్మన్ వైల్ 1928లోనే రాశాడు. స్థానమూ ద్రవ్యవేగమూ వినిమయం పాటించకపోవడాన్ని కూడా ఆయన ఈ కంటితోనే చూశాడు. మన పాఠ్యక్రమంలో ఈ రెండింటినీ వేరువేరు గదుల్లో ఎందుకు పెట్టారో తలుచుకుంటే కోపం వస్తుంది. సరే, కోపం పక్కన పెడతాను.

ఒక చతురస్రం ఎదురెదురు అంచులు కలిసిపోయాయనీ, దానిలోంచి సరిగ్గా ఐదు క్వాంటమ్‌ల అభివాహం పోతోందనీ ఊహించు. ఒక క్వాంటమ్ అంటే ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగించగా వచ్చేది, 4.136 × 10⁻¹⁵ వెబర్లు. అంచులతో పొసగే అతి చిన్న జరుపుడు భుజంలో ఐదో వంతు. రెండు దిశల్లో అలాంటి జరుపుళ్ళ మధ్య దశాభేదం పూర్తి వృత్తంలో ఐదో వంతు అవుతుంది. ఇప్పుడు ఈ రెండు జరుపుళ్ళనూ మాత్రికలుగా రాసి, వరస మార్చిన లబ్ధాల సమీకరణానికి రెండు వైపులా డిటర్మినెంట్ తీసుకో. లబ్ధాల డిటర్మినెంట్లు సమానం కనుక, ఆ దశను మాత్రిక పరిమాణమంత ఘాతానికి పెంచితే ఒకటి రావాలి. అంటే మాత్రిక పరిమాణం ఐదు గుణిజమే కావాలి. ఐదుకు తక్కువ కుదరదు. ప్రతి శక్తిస్థాయిలోనూ కనీసం ఐదు స్థితులు ఉండి తీరాలని, ఏ అవకలన సమీకరణాన్నీ సాధించకుండానే తేలిపోయింది! ఒక టెస్లా క్షేత్రంలో చదరపు సెంటీమీటరుకు ఇదే లెక్క వేస్తే, స్పిన్‌ను పక్కన పెట్టినా ఒక్కొక్క లాండావ్ స్థాయిలో సుమారు 2,400 కోట్ల స్థితులు వస్తాయి. పరీక్ష కోసం మనం పెట్టెలో తరంగాలను లెక్కపెట్టి ఈ సంఖ్యనే రాబట్టాము, కానీ అది ఎందుకు వచ్చిందో మనకు తెలియలేదు.

బొమ్మ కావాలంటే అదీ ఉంది. ఆ కొత్త జరుపుళ్ళ వెనుక ఉన్న రాశులు ఎలక్ట్రాన్ తిరిగే వృత్తపు కేంద్రం తాలూకు నిరూపకాలే. అవి స్థానమూ ద్రవ్యవేగమూ లాగానే వినిమయం పాటించవు. అందువల్ల కేంద్రాన్ని ఒక బిందువు మీద నిలపలేము. ఒక క్వాంటమ్ అభివాహం పోయేంత నేల దానికి విడిచిపెట్టాలి. కాలాన్ని వెనక్కి తిప్పితే మాత్రం క్షేత్రం కూడా... వద్దు, అది మరో రాత్రి పని.

ఇదంతా ఆవేశం పుణ్యమే సుమా. దశలో ఆవేశం గుణకంగా ఉంది కదా, అది సున్నా అయితే పాత గ్రూపే తిరిగి వస్తుంది. హైడ్రోజన్ పరమాణువును అదే క్షేత్రంలో పెట్టి మొత్తంగా జరిపి చూడు: ఎలక్ట్రాన్ తెచ్చుకున్న దశను ప్రోటాన్ తెచ్చుకున్న వ్యతిరేక దశ రద్దు చేస్తుంది, జరుపుళ్ళు బుద్ధిగా వినిమయం పాటిస్తాయి. అయాన్ అయితే పాటించవు. లోపల ఏముందో చూడకుండా మొత్తం ఆవేశాన్ని మాత్రమే అడిగే ఈ సౌష్ఠవం నాకు ఎంతో నచ్చింది.

స్ఫటికం దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. స్ఫటికంలో జరుపుళ్ళకు పేటిక (పదేపదే వచ్చే అతి చిన్న భాగం) కొలతలే హద్దు. అక్కడి అయస్కాంత జరుపుళ్ళ గ్రూపును 1964లో భౌతికశాస్త్రవేత్త జాక్ వివరించాడు. ఒక పేటికలోంచి పోయే అభివాహం క్వాంటమ్‌లో మూడో వంతు అయితే, మూడు పేటికలను కలిపి ఒకటిగా చూస్తే తప్ప వినిమయం తిరిగి రాదు; ఒక శక్తిపట్టీ (ఎలక్ట్రాన్‌కు వీలైన శక్తుల వరుస) మూడుగా చీలుతుంది. ఐదింట రెండు వంతులైతే ఐదుగా చీలుతుంది. కరణీయ సంఖ్య అయితే చీలికలకు అంతు ఉండదు. రెగెన్స్‌బర్గ్‌లో బల్ల మీది కాలిక్యులేటర్‌తో ఈ లెక్కలు వేసిన డగ్లస్ హాఫ్‌స్టాడ్టర్ 1976లో ప్రచురించిన ఆ శక్తుల పటం సీతాకోకచిలుకలా ఉంటుంది, తనలో తన చిన్న ప్రతులను దాచుకుని ఉంటుంది. మామూలు స్ఫటికంలో పేటిక భుజం 0.3 నానోమీటర్లనుకుంటే, దానిలో ఒక క్వాంటమ్ పట్టాలంటే సుమారు 46,000 టెస్లా కావాలి. ప్రయోగశాలల్లో స్థిరంగా నిలబెట్టగలిగేది 45 టెస్లా ప్రాంతం. అందుకే ఆ పటం చాలా ఏళ్ళు కాగితం మీదే ఉండిపోయింది. 2013లో గ్రాఫీన్‌ను (ఒక్క పరమాణువు మందపు కార్బన్ పొరను) బోరాన్ నైట్రైడ్ మీద పరిచి, రెండు జాలకాల (పరమాణువుల అల్లికల) స్వల్ప తేడా వల్ల ఏర్పడే 14 నానోమీటర్ల స్థాయి పెద్ద జాలకంతో దాని ఆనవాళ్ళను చూశారు. అక్కడ ఒక క్వాంటమ్‌కు దాదాపు 24 టెస్లా చాలు. నీ ప్రశ్నలోని ఎక్స్ ఎక్కడికి చేరిందో చూశావా!

ఇక క్వాంటమ్ హాల్ ప్రభావం, అంటే బలమైన క్షేత్రంలో పలుచని పొర అడ్డు నిరోధం మెట్లుమెట్లుగా మారడం. 1980లో ఫాన్ క్లిట్జింగ్ గ్రెనోబుల్‌లో కొలిచిన మెట్ల మూలవిలువ 25,812.807 ఓమ్‌లు అని మనకు కంఠస్థమే కదా, ఆ సంఖ్య వెనుక కూడా ఇదే దశ ఉంది, ఎలాగంటే, పట్టీలను... మా అమ్మాయి బైక్ మీద కూర్చుని హారన్ కొడుతోంది, ఆమెను బస్సు ఎక్కించాలి, దారిలోనే దీనిని పోస్టులో వేస్తాను. ఆ డిటర్మినెంట్ లెక్క మాత్రం తప్పక వేసి చూసి వెంటనే రాయి. చెల్లెమ్మకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

ఇట్లు,
ఆ తరగతిలో నీ సహపాఠి