షెల్లీయా, కీట్సా: మురళికి ఉత్తరం

ఒరేయ్ మురళీ,

నీ ఉత్తరం అందింది. మన కృష్ణశాస్త్రిని ఆంధ్రా షెల్లీ అన్నారు కాబట్టి అసలు షెల్లీయే ఆ తరం ఇంగ్లిష్ కవులందరినీ మించినవాడని తేల్చేశావు. నీ లాజిక్‌కి ఓ దణ్ణం. నేను మాత్రం అదే తరం కవి కీట్స్ పార్టీయే. నీకు దీటుగా జవాబివ్వాలని ఇద్దరి కవితలూ ఎప్పటివో చూస్తే, మనం కొట్టుకునే సరుకులో సగానికి పైగా ఒక్క ఏడాదిదే: 1819.

ఆ ఏడాది కీట్స్ పరిస్థితి ఏం బాగోలేదు. అంతకుముందు డిసెంబర్‌లోనే తమ్ముడు టామ్ క్షయతో పోయాడు. ఇంకో తమ్ముడు జార్జ్ అమెరికాలో వ్యాపారం దెబ్బతిని డబ్బు కావాలంటున్నాడు. ప్రేమించిన ఫానీ బ్రాన్ గోడకి అవతలి వాటాలోనే ఉంది, పెళ్లాడే స్తోమత మాత్రం లేదు. ఇన్ని టెన్షన్ల మధ్య, ఆ వసంతంలో, హాంప్‌స్టెడ్‌లో తనుంటున్న ఇంటి దగ్గర నైటింగేల్ అనే పాటల పిట్ట గూడు కట్టింది. ఒక రోజు పొద్దున్నే కీట్స్ టిఫిన్ బల్ల దగ్గరి కుర్చీ మోసుకెళ్లి ప్లమ్ చెట్టు కింద వేసుకుని రెండు మూడు గంటలు కూర్చున్నాడట. లోపలికొచ్చి చేతిలోని కాగితం ముక్కల్ని పుస్తకాల వెనక్కి తోసేస్తుంటే, ఇంటాయన బ్రౌన్ చూసి, వాటిని బయటికి తీసి వరస కుదిర్చాడు. అదే ఆ పిట్ట మీది కవిత. ఇదంతా తర్వాత బ్రౌనే చెప్పాడు. అందులో తనకి తాను ఎంత పాత్ర కల్పించుకున్నాడో దేవుడికెరుక!

కానీ నాకు అంతకన్నా శరత్తు మీద రాసిన కవితే ఇష్టం. సెప్టెంబర్ 19న వించెస్టర్‌లో రాశాడు. కోతలయ్యాక పొలంలో మిగిలిన కొయ్యకాళ్లు చూస్తే ఎందుకో వెచ్చగా అనిపిస్తోందని, అందుకే రాశానని రెండు రోజుల తర్వాత ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఆ మర్నాడు మరో ఉత్తరంలో, ఒక చేత్తో రాస్తూ రెండో చేత్తో నెక్టరిన్ పండు తింటూ, ఆ రుచిని వర్ణించాడు! కవితలో మాత్రం ‘నేను’ అనే మాటే లేదు. అంత బాధల్లో ఉన్నవాడు తన ఊసే ఎత్తకుండా రాయడం, నీ షెల్లీ వల్ల అయ్యేదా?

సరే, కోప్పడకు. షెల్లీకీ అది చెడ్డ ఏడాదే. జూన్‌లో రోమ్‌లో మూడేళ్ల కొడుకు విలియం పోయాడు. ఆగస్టు 16న మాంచెస్టర్‌లో ఓటు హక్కు కోసం చేరిన వేలాది జనం మీదికి గుర్రపు దళాలు కత్తులు దూసి వెళ్లాయి. ఆ వార్త ఇటలీలో ఉన్న షెల్లీకి సెప్టెంబర్‌లో చేరింది. కోపం పట్టలేక ‘మాస్క్ ఆఫ్ అనార్కీ’ అనే కవిత రాసి లండన్‌లో పత్రిక నడిపే లీ హంట్‌కి పంపాడు. వేస్తే జైలేనని హంట్ దాన్ని దాచేశాడు. అచ్చయింది 1832లో! అప్పటికి షెల్లీ సముద్రంలో మునిగిపోయి పదేళ్లు. నువ్వు నెత్తిన పెట్టుకునే పడమటి గాలి కవిత కూడా ఆ అక్టోబర్‌లో ఫ్లోరెన్స్ దగ్గర తోపులో పుట్టిందే.

ఇంతకీ ఆ ఏడాది లండన్ జనం నోట నానింది వీళ్లిద్దరూ కాదు, ఇంకో కవి బైరన్. జులైలో అతని కావ్యం ‘డాన్ జువాన్’ మొదటి రెండు భాగాలు వచ్చాయి. పుస్తకం మీద కవి పేరూ లేదు, భయపడి పబ్లిషరూ తన పేరు వేసుకోలేదు. ధర చాలా ఎక్కువ, ఒక పౌను 11 షిల్లింగుల 6 పెన్నీలు. దొంగ ముద్రణలవాళ్లు చవగ్గా అచ్చేసి అమ్ముకున్నారు.

ఈసారి ‘మాస్క్’ పైకి చదివి చూడు. చిన్న చిన్న పాదాలు, వీధిలో పాడుకునే పాటలా పరుగెడతాయి. షెల్లీ రాసిన వాటిలో నేను ఒప్పుకునేది అదే, నువ్వేమో దాని పేరే ఎత్తవు! ఎందుకో జవాబులో రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రమణ