కార్యదర్శి వార్షిక నివేదిక: 2024-25 సీజన్

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, నెల్లూరు, కావలి, గూడూరు, ఒంగోలు సభ్య మిత్రులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో నివేదిక చదివి వినిపించాలన్న నియమం ప్రకారం ఈ ఏడాది మన ఆర్సెనల్ అభిమానుల సంఘం చేసిన పనులు మీ ముందు పెడుతున్నాను. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్‌లో ఆర్సెనల్ వరుసగా మూడో ఏడాదీ రెండో స్థానంలోనే ఆగింది. 38 మ్యాచ్‌లు, 74 పాయింట్లు. లివర్‌పూల్ 84తో కప్పు ఎత్తుకుపోయింది. మన సంఘం ఆశయాలు మీకు కొత్త కాదు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది జనవరి మొదటి ఆదివారం జరిగిన అర్ధ సీజన్ చర్చ. "మన టీము ఎన్నో స్థానంలో తేలుతుంది?" అన్న ఒక్క ప్రశ్న మీద పొద్దున పదిన్నరకు మొదలై మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయేదాకా నడిచింది. ముందురోజు రాత్రి బ్రైటన్ మ్యాచ్ మన టైములో పదకొండుకి మొదలై ఒంటిగంట దాటాక ముగిసింది. మన వానేరి గోలు కొట్టి ఆధిక్యం ఇచ్చాక పెనాల్టీతో 1-1 అయిపోయింది. ఆ నిద్ర కళ్లతోనే జనం వచ్చారు. ఒంగోలు సభ్యులు పొద్దున రైలెక్కి హాలు తలుపులు తీసేసరికే అక్కడున్నారు. వారికి సంఘం తరఫున ప్రత్యేక ధన్యవాదాలు.

చర్చ అంటే గొంతు పెద్దదైనవాడిది పైచేయి కాకూడదని కార్యవర్గం ముందే నిర్ణయించింది. అందుకే ఈసారి కాగితం పద్ధతి పెట్టాం. ప్రతి సభ్యుడికీ ఒక ఏ-ఫోర్ కాగితం ఇచ్చాం. అందులో మిగిలిన 18 మ్యాచ్‌లు తేదీల వరుసలో ఉన్నాయి. పక్కనే గడులు: ప్రత్యర్థి ఎవరు, సొంత మైదానమా బయటా, ముందు మ్యాచ్‌కీ దీనికీ మధ్య ఎన్ని రోజుల విరామం, గెలుపా డ్రానా ఓటమా, ఎన్ని పాయింట్లు (గెలుపుకి 3, డ్రాకి 1, ఓటమికి సున్నా). నోరు తెరవకముందే నింపి, సంతకం చేసి, పెట్టెలో వెయ్యాలి. ఆ తర్వాతే మైకు. ఇలా చెయ్యకపోతే మొదట మాట్లాడినవారి అంకె చుట్టూనే మిగతావాళ్ల అంకెలన్నీ తిరుగుతాయి. రెండేళ్ల కిందటి చర్చలో జరిగింది అదే.

ఆరోజు లీగ్ పాయింట్ల పట్టికను చదవడంలోనే మొదటి తకరారు వచ్చింది. మనం 20 మ్యాచ్‌ల్లో 40. లివర్‌పూల్ 18 మ్యాచ్‌ల్లో 45. అయిదు పాయింట్లే కదా తేడా అని ఒకరంటే, "ఏందన్నా, వాళ్ల చేతిలో ఇంకా రెండు మ్యాచ్‌లుండాయి గదా" అని గూడూరు సభ్యుడు ఆపేశారు. ఆయన మాటే సరైనది. మ్యాచ్‌లు సమానంగా ఆడని పట్టికను పాయింట్లతో పోల్చకూడదు, మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లో తీసి పోల్చాలి. మనది 2, లివర్‌పూల్‌ది 2.5. 38తో గుణిస్తే మనకు 76, వాళ్లకు 95. ఈ లెక్క బోర్డు మీద రాసి, అక్కడి నుంచి ఎవరు ఎందుకు పైకో కిందికో జరుపుతారో కారణం చెప్పమన్నాం.

హాలంతా వేడెక్కింది ఇక్కడే. ఆశావాదుల దగ్గర గట్టి ఆధారమే ఉంది. 2023-24లో కూడా ఆర్సెనల్‌కి 20 మ్యాచ్‌లకు సరిగ్గా 40 పాయింట్లే. అప్పుడు మిగిలిన 18లో 16 గెలిచి, ఒకటి డ్రా చేసి, ఒకటే ఓడి, 49 పాయింట్లు దండుకుని 89కి చేరింది. అదే జట్టు, అదే కోచ్ అర్టెటా, అదే 40. మళ్లీ ఎందుకు జరగదు? ఇది కొట్టిపారేసే వాదన కాదు. రెండో పక్షం 2022-23ని ముందుపెట్టింది. ఆ ఏడాది సగం సీజన్‌కి 50 పాయింట్లతో మనమే పైన ఉన్నాం. రెండో సగంలో వచ్చింది 34. మాంచెస్టర్ సిటీ 89తో దాటిపోయింది. అంటే మన టీమే ఒకసారి పైకీ ఒకసారి కిందికీ పోయింది. పట్టికలోని అంకె ఏ దారి పడుతుందో ఆ అంకెలోనే ఉండదు.

కాగితాలు తెరిచి చూస్తే స్థానం విషయంలో రెండు అని రాసినవాళ్లే ఎక్కువ. పాయింట్లలో మాత్రం చాలామంది 80 దాటించేశారు. ఎందుకు దాటిందో కార్యవర్గం కూర్చుని చూసింది. మిగిలిన 18లో 10 సొంత మైదానంలో, 8 బయట. దాదాపు అందరూ మన సొంత మైదానం ఎమిరేట్స్‌లో జరిగే మ్యాచ్‌లన్నిటికీ కళ్లు మూసుకుని గెలుపు వేశారు, లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్, ఎవర్టన్ మైదానాల దగ్గర మాత్రం జంకారు. 89 పాయింట్లు వచ్చిన ఏడాదిలో కూడా సొంత మైదానంలో 15 గెలుపులే, 2 డ్రాలు, 2 ఓటములు. ఇంట్లో ఆడితే గెలిచినట్టే అని వేస్తే కాగితం అక్కడే తప్పుతుంది.

తర్వాత జరిగింది కూడా అదే. ఆ 8 బయటి మ్యాచ్‌ల్లో ఒక్కటి కూడా ఓడలేదు. నాలుగు గెలుపులు, నాలుగు డ్రాలు. సొంత మైదానంలో 10 ఆడి అయిదే గెలిచాం, ఆస్టన్ విల్లా, బ్రెంట్‌ఫోర్డ్, క్రిస్టల్ ప్యాలెస్‌తో డ్రాలు, వెస్ట్ హామ్, బోర్న్‌మౌత్ చేతిలో ఓటములు. 30కి 18 పాయింట్లు. మొత్తం 18 మ్యాచ్‌లకు 34. బోర్డు మీద రాసిన ఉత్త లెక్క 76 అంటే అసలు వచ్చింది 74. అభిమానుల కాగితాల కన్నా ఉత్త లెక్కే దగ్గరికి వచ్చింది. వచ్చే ఏడాది కాగితం నింపేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆధిక్యంలో ఉండి వదిలేసిన మ్యాచ్‌ల గురించి గ్రూపులో ఇప్పటికీ గొడవ నడుస్తోంది కాబట్టి లెక్క ఇక్కడే తేల్చేస్తాను. చర్చ తర్వాతి 18 మ్యాచ్‌ల్లో విల్లా మీద 2-0 నుంచి 2-2, ఎవర్టన్ 1-1, బ్రెంట్‌ఫోర్డ్ 1-1, ప్యాలెస్ 2-2, బోర్న్‌మౌత్ చేతిలో 1-2. అయిదింటిలోనూ మనం ముందున్నాం. పోయినవి 11 పాయింట్లు. 74కి 11 కలిపితే 85, లివర్‌పూల్ 84, కాబట్టి కప్పు మనదే అని వాదించేవారున్నారు. ఈ వాదన నిలబడదు. లివర్‌పూల్ ఏప్రిల్ 27న టోటెన్‌హామ్‌ని 5-1తో కొట్టి టైటిల్ ఖాయం చేసుకున్నప్పుడు 34 మ్యాచ్‌ల్లో 82. మనం 67. కప్పు చేతికొచ్చాక వాళ్లు చివరి నాలుగింట్లో రెండు పాయింట్లే తెచ్చుకున్నారు. పోటీ బతికుంటే అలా ఆడేవాళ్లు కాదు.

2023-24లోని 40కీ ఈ ఏడాది 40కీ మధ్య తేడా ఎక్కడుందన్నది అసలు ప్రశ్న. ఒకటి గాయాలు. చర్చ నాటికి మన ఫార్వర్డ్ సాకా డిసెంబర్ 21న ప్యాలెస్ మ్యాచ్‌లో తొడ కండరం చిరిగి బయట ఉన్నాడు. ఏప్రిల్ 1న ఫుల్‌హామ్ మీద గానీ మళ్లీ దిగలేదు. స్ట్రైకర్ జీసస్ మంచి ఊపులో ఉన్నాడని చాలామంది కాగితాల్లో ధైర్యం కనిపించింది. సరిగ్గా వారానికి, జనవరి 12న, యునైటెడ్‌తో ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ) మ్యాచ్‌లో మోకాలి లిగమెంటు తెగి సీజన్‌కే దూరమయ్యాడు. ఫిబ్రవరిలో ఫార్వర్డ్ మార్టినెల్లికి, ఆ వెంటనే దుబాయ్ శిబిరంలో హావర్ట్జ్‌కి గాయాలు. జనవరిలో స్ట్రైకర్‌ని కొనలేదు. మిడ్‌ఫీల్డర్ మెరినోని ముందుకు తోసి లెస్టర్ మీద రెండు గోల్స్ కొట్టించుకోవాల్సి వచ్చింది. కొనకపోతే ఎలా అని ఆరోజు హాలులో గంట సేపు అడిగిన కావలి సభ్యుల మాట అక్షరాలా నిజమైంది. వారి వాదన మినిట్స్ పుస్తకంలో ఉంది, చూడవచ్చు.

రెండోది వారం మధ్యలో మ్యాచ్‌లు. మన కాగితంలో ఒక గడి లేకపోవడం వల్ల అంచనా పాడైంది. యూరప్ పెద్ద క్లబ్బుల టోర్నీ చాంపియన్స్ లీగ్‌లో ముందుకు పోతే పడే తేదీల గడి అది. రియల్ మాడ్రిడ్‌తో మ్యాచ్‌లు ఏప్రిల్ 8, 16. ఎవర్టన్ డ్రా ఏప్రిల్ 5, బ్రెంట్‌ఫోర్డ్ డ్రా ఏప్రిల్ 12. పీఎస్‌జీతో సెమీస్ ఏప్రిల్ 29, మే 7. బోర్న్‌మౌత్ ఓటమి మధ్యలో, మే 3. 2024లో కూడా ఆ చివరి 18లో ఓడిన ఒకే ఒక్కటి, విల్లా మ్యాచ్, బయర్న్‌తో రెండు మ్యాచ్‌ల మధ్యనే పడింది. వచ్చే జనవరి కాగితంలో సెమీస్ దాకా తేదీలు పెన్సిల్‌తో వేసి ఇస్తాం. అటూ ఇటూ నాలుగు రోజుల్లో పడే లీగ్ మ్యాచ్‌కి గెలుపు వేసేముందు ఒక్క నిమిషం ఆగండి.

మిగతా టీముల మీద అంచనాలు క్లుప్తంగా. సిటీ పనైపోయిందని రాసినవాళ్లు ఎక్కువ. అప్పటికి 20 మ్యాచ్‌ల్లో 34. సీజన్ మధ్య కొనుగోళ్లలో మార్మూష్, నికో గొంజాలెజ్‌లను తెచ్చుకుని 71తో మూడో స్థానానికి ఎక్కింది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 19 మ్యాచ్‌ల్లో 37తో ఉంటే నాలుగులోపు ఖాయం అన్నారు. 65తో ఏడు. వుల్వ్స్ 19కి 16తో మునిగిపోతున్నట్టు కనపడింది, కొత్త కోచ్ పెరేరా చేతిలో 42కి చేరింది. ఇద్దరికీ 66 పాయింట్లే అయినా న్యూకాజిల్ చాంపియన్స్ లీగ్‌కి పోయి విల్లా పోకపోవడం ఎందుకని అడిగిన సభ్యులకు: ఇంగ్లండ్‌లో పాయింట్లు సమానమైతే ముందు చూసేది గోల్స్ తేడా, అంటే కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది. న్యూకాజిల్ 21, విల్లా 7. స్పెయిన్‌లో అయితే ముందు ముఖాముఖి ఫలితం చూస్తారు. ఈ రెండూ కలిపేసి వాదించుకోవద్దు.

హాలు ఏర్పాట్ల మాట. ల్యాప్‌టాప్ వేదిక మీద, ప్రొజెక్టర్ వెనక గోడ దగ్గర పెట్టి పొడుగాటి హెచ్‌డీఎంఐ కేబుల్ లాగితే బొమ్మ వచ్చి పోతూ ఉంది. ల్యాప్‌టాప్‌ని ప్రొజెక్టర్ పక్కకే తెచ్చి పొట్టి కేబుల్ వేశాక కుదిరింది. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు ఇన్వర్టర్ మీద తిరిగాయి గానీ వైఫై పెట్టెకి ఆ లైను లేదు. ఇకమీదట రౌటర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో ఉందో లేదో ముందురోజే చూడాలి. పట్టికను ఎలాగూ ప్రింటు తీసి పెట్టాం కాబట్టి చర్చ ఆగలేదు.

వాలంటీర్ల విషయం బాధతోనే రాస్తున్నాను. వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవారంతా ఆరోజు వస్తే కుర్చీలు పది నిమిషాల్లో సర్దుకునేవి. సంక్రాంతి షాపింగని కొందరు, రాత్రి మ్యాచ్ చూసి లేవలేదని కొందరు రాలేదు. కనీసం ఫోను చేసి రాలేమని చెప్పలేదు. కాగితాలు జిరాక్సు తియ్యడం, పెన్నులు, మైకు, ఇడ్లీ ఉప్మా గిన్నెలు ఆటోలో ఎక్కించడం, చివర్లో ఊడవడం, అన్నీ నలుగురైదుగురి మీదే పడ్డాయి. వాళ్లలో ఇద్దరు ఇంటర్ చదివే పిల్లలు. పనిలో లేనివారు గ్రూపులో తిండి చాల్లేదని పోస్టులు పెట్టడం ఆ పిల్లల్ని నొప్పించింది. ఇది ఇక జరగకూడదు.

సభ్యులే జట్టుకి ఏడుగురు చొప్పున ఆడే టోర్నమెంటుకి మైదానం కోసం పెట్టిన అర్జీ ఒక కార్యాలయంలో బల్ల మారుతూనే ఉంది. అధికారి క్యాంపులో ఉన్నారంటారు, బదిలీ అయ్యారంటారు, కొత్తాయన వచ్చాక మళ్లీ రాయమంటారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన దగ్గర వానలకు మైదానం బురదే, ఎండాకాలం క్రికెట్ వాళ్లది. మిగిలే వ్యవధి జనవరి చివరి నుంచి మార్చి మొదలు దాకా. ఆ వ్యవధిలో అనుమతి రాకపోతే ఆ ఏడాది టోర్నమెంటు లేనట్టే. అర్జీ నకళ్లు, రసీదులు ఫైల్లో ఉన్నాయి.

జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం, కోశాధికారి సంతకం ఉంది. ఖర్చులో పెద్దవి హాలు అద్దె, టిఫిన్లు. ఇద్దరు సభ్యులు బిల్లులు సరిచూశారు. చందా బకాయి ఉన్నవారు సమావేశం ముగిసేలోపు కట్టగలరు.

హాలు అద్దె తగ్గించి ఇచ్చిన యజమానికి, మైకు సెట్టు ఉచితంగా ఇచ్చిన మిత్రుడికి, బోర్డు మీద లెక్కలు కట్టిన మాస్టారుగారికి, గొంతులు లేచినా వరుస తప్పకుండా మైకు అందించిన మన ఉపాధ్యక్షురాలు అక్కకి, టీ క్యానులు మోసిన పిల్లలకు, లివర్‌పూల్ అభిమానులై ఉండి కూడా పిలవగానే వచ్చి మర్యాదగా వాదించిన ముగ్గురు అతిథులకు, ఈ ఏడాదంతా అర్ధరాత్రి మ్యాచ్‌ల కోసం హాలు గదులు ఖాళీ చేసి ఇచ్చిన సభ్యుల కుటుంబాలకు కార్యవర్గం నిండు మనసుతో కృతజ్ఞతలు చెబుతోంది.

వచ్చే అర్ధ సీజన్ చర్చకి కావలసినవి: కాగితాలు తయారుచేసేవారు ఇద్దరు, పెట్టె దగ్గర ఒకరు, కుర్చీలకు ఆరుగురు, రైల్వేస్టేషన్ నుంచి ఒంగోలు సభ్యుల్ని తీసుకొచ్చేందుకు రెండు కార్లు. కచ్చితంగా రాగలిగినవారే పేరు ఇవ్వండి. జాబితా కోశాధికారి బల్ల మీద ఉంది. ఈ సమావేశంలోనే రాయాలి, వాట్సాప్‌లో తీసుకోం.

ఇట్లు,
కార్యదర్శి