మీరు ఎవరి మాట వింటారో మాకు ముందే చెప్పాల్సింది

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: చెప్పాపెట్టకుండా మా ఖాతా ఆపేయడం, ఫైళ్లు ఇవ్వకపోవడం, ఆ తర్వాత కూడా చందా వసూలు చేయడం గురించి.

అయ్యా/అమ్మా,

మేం నలుగురం కలిసి నడుపుకుంటున్న చిన్న ఆఫీసు మాది. యంత్ర భాగాల డ్రాయింగులు గీస్తాం. ఆరేళ్లుగా మీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌తోనే పని చేస్తున్నాం, గీసిందంతా మీ క్లౌడ్‌లోనే దాచుకుంటున్నాం. పోయిన సోమవారం పొద్దున లాగిన్ అయితే ఫోల్డర్ల పేర్లన్నీ కనిపించాయి గానీ ఒక్కటీ తెరుచుకోలేదు. ఆ మధ్యాహ్నం పంపాల్సిన పంపు కేసింగ్ డ్రాయింగు, పదకొండుసార్లు సవరించింది, కళ్లెదుటే ఉంది. దాని మీద నొక్కితే వచ్చింది ఒక్కటే వాక్యం: ‘వాణిజ్య నియంత్రణల కారణంగా ఈ ఖాతా నిలిపివేయబడింది.’ ఏ నియంత్రణ, ఎవరు పెట్టింది, ఎన్నాళ్లు, ఎవరిని అడగాలి, ఏమీ లేదు. గురువారం మాత్రం ఈ నెల చందా మా బ్యాంకు ఖాతాలోంచి ఠంచనుగా కోసుకున్నారు.

కారణం మేమే వెతుక్కోవాల్సి వచ్చింది. మా కస్టమర్లలో ఒకరు వేరే దేశంలో ఉన్నారు, వాళ్లతో ఒక ఫోల్డరు పంచుకున్నాం. ఆ దేశానికీ, మీ ప్రధాన కార్యాలయం ఉన్న దేశానికీ మధ్య సుంకాల గొడవ ముదిరి ఎగుమతి ఆంక్షల దాకా వెళ్లింది. మేం ఆ రెండు దేశాల వాళ్లమూ కాదు. ఆంక్షల జాబితాలో మా కస్టమర్ పేరు కోసం చూశాం, లేదు. మీ సహాయ విభాగంలో మొదట మాట్లాడినావిడ ‘ప్రభుత్వ ఆదేశమండీ, మా చేతుల్లో లేదు’ అన్నారు. రెండు రోజులకు వచ్చిన మెయిల్లో ‘ముందుజాగ్రత్తగా మా సంస్థ తీసుకున్న నిర్ణయం’ అని ఉంది. ఈ రెండూ ఒకటి కావు. నా ఫిర్యాదంతా అక్కడే ఉంది.

ఆదేశమే అయితే మీరు పాటించక తప్పదు. చట్టాన్ని ధిక్కరించమని నేను అడగడం లేదు. మీలాంటి సంస్థలు ఎంత ఇరుకున పడ్డాయో నాకూ తెలుసు. 2022 అక్టోబరులో అమెరికా అధునాతన చిప్‌ల ఎగుమతిని కట్టడి చేస్తే, చిప్‌ల కంపెనీ ఎన్‌విడియా ఆ హద్దులకు లోబడి చైనా కోసం ఏ800, హెచ్800 అనే చిప్‌లు తయారు చేసింది. ఏడాది తిరిగేసరికి కొత్త నిబంధనలు వాటినీ ఆపేశాయి. ఆ తర్వాత తెచ్చిన హెచ్20 చిప్‌కి ప్రభుత్వ అనుమతి (లైసెన్సు) కావాలని 2025 ఏప్రిల్‌లో అమెరికా అడ్డుపడింది. జులైలో అమ్ముకోవచ్చని ఒప్పుకుంటే, ఆ నెలాఖరుకే చైనా నియంత్రణ సంస్థ వాళ్లను పిలిపించి, చిప్‌లో దొంగదారులేమైనా పెట్టారా అని సంజాయిషీ అడిగింది. సొంత దేశమూ నమ్మదు, కొనే దేశమూ నమ్మదు. ఆ కష్టాన్ని నేను చిన్నది చేయడం లేదు.

కానీ ఆదేశం ఎంతవరకు ఉందో అంతవరకే ఆగడం వేరు, భయపడి దాన్ని దాటిపోవడం వేరు. 2019 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది వెనిజులా ప్రభుత్వ ఆస్తుల మీద. ఫొటోల, డిజైన్ల సాఫ్ట్‌వేర్ అమ్మే అమెరికా సంస్థ అడోబీ మాత్రం అక్టోబరులో ఆ దేశంలో ఉన్న అందరి ఖాతాలూ మూసేస్తామంది, కట్టిన డబ్బు కూడా తిరిగివ్వలేమంది. ఫొటోలు దిద్దుకునేవాళ్లకూ, పోస్టర్లు వేసుకునేవాళ్లకూ ప్రభుత్వంతో ఏం పని? నలుగురూ దుమ్మెత్తిపోశాక డబ్బు వాపసు అంది, ఆ నెలాఖరుకు అమెరికా ప్రభుత్వం దగ్గర లైసెన్సు తెచ్చుకుని సేవలు కొనసాగించింది. ఆ సంస్థ కూడా ఫైళ్లు దింపుకోవడానికి సుమారు మూడు వారాల గడువిచ్చింది. మీరు మాకు ఒక్క పూట ఇవ్వలేదు.

ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే అమెరికా వేదిక గిట్‌హబ్ కూడా 2019లో ఇరాన్ వాళ్లకు సేవలు కుదించింది. తర్వాత అమెరికా ప్రభుత్వాన్ని ఒప్పించి, 2021 జనవరిలో లైసెన్సు వచ్చిందని ప్రకటించి మళ్లీ తెరిచింది. అంటే అడిగే దారి ఒకటుంది. మా విషయంలో మీరు అడిగారా?

2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షల తర్వాత, భారతదేశంలోని నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆపేసింది. యూరప్ పెట్టిన ఆంక్షకు అమెరికా సంస్థ భారత కంపెనీని ఆపడమేమిటని వాళ్లు ఢిల్లీ హైకోర్టుకెక్కారు, కొద్ది రోజుల్లోనే సేవలు తిరిగొచ్చాయి. వాళ్లది చమురు శుద్ధి కర్మాగారం, లాయర్లను పెట్టుకోగలరు. మేం నలుగురం.

మాకు చందా అమ్మిన రోజు మీ ప్రతినిధి ‘సరిహద్దుల్లేని వేదిక’ అన్నారు. అదే మాట మీ కరపత్రంలోనూ ఉంది. నమ్మాం. మీకు ఒక దేశముందనీ, గొడవొస్తే ఆ దేశం వైపే నిలబడతారనీ ఆ రోజే చెప్పి ఉంటే మేం తప్పుపట్టేవాళ్లం కాదు. ఫైళ్లకు ఇంకో నకలు వేరే చోట ఉంచుకునేవాళ్లం, అంతే. డబ్బు తీసుకునేటప్పుడు అన్ని దేశాల వాళ్లమని చెప్పి, తలుపు మూసేటప్పుడు ఒక్క దేశం వాళ్లయిపోవడమే నాకు మింగుడుపడటం లేదు.

ఏ చట్టంలోని ఏ నిబంధన కింద ఆపారో రాసివ్వండి. అది మీ సొంత నిర్ణయమైతే ఆ మాటే రాయండి, దాన్ని తిరిగి పరిశీలించే అధికారి ఎవరో చెప్పండి. పంచుకున్న ఆ ఒక్క ఫోల్డరు మీద అనుమానముంటే దాన్ని ఆపుకోండి, మిగతావాటికి తాళం వేయడానికి కారణం లేదు. గురువారం తీసుకున్న చందా వెనక్కివ్వండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

పంపు కేసింగ్ డ్రాయింగు రాత్రుళ్లు కూర్చుని మొదటినుంచీ మళ్లీ గీస్తున్నాం. కొన్ని కొలతలు మీ దగ్గరే ఉండిపోయాయి. ముందు ఆ ఫైలు ఇప్పించండి.

ఇట్లు,
ఆరేళ్లుగా మీకు చందా కడుతున్న వినియోగదారు