సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక, విజయనగరం

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు మన సంఘం చేసిన పనులను మీ ముందు పెడుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ఈ ఏడాది కూడా పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే మన ఆదివారం తరగతులు తోటపాలెంలో లెక్కల మాస్టారి మేడ మీదే జరిగాయి. నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి నుంచి కూడా పిల్లలు బస్సెక్కి వచ్చారు. ఎక్కువమంది బీటెక్ ఫస్టియర్, డిగ్రీ కంప్యూటర్స్ వాళ్లు, కొందరు పాలిటెక్నిక్ వాళ్లు. మిగతా రోజుల్లో సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు వాట్సాప్ గ్రూపులో సందేహాలు చూశాం.

గ్రూపులో మొదట్లో వచ్చిన మెసేజీలు దాదాపు అన్నీ ఒకేలా ఉండేవి. "అన్నా, రేపు రికార్డు సబ్మిషన్, ప్రైమ్ నంబర్ ప్రోగ్రాం పంపండి." కింద ప్రశ్నకాగితం ఫోటో. తను ఏం రాశాడో ఉండదు, ఎక్కడ ఆగాడో ఉండదు. పాపం టెన్షన్‌లో ఉన్నాడని నేనే ఒక అబ్బాయికి రాత్రి పదిన్నరకు ప్రోగ్రాం మొత్తం రాసి పంపాను. రికార్డులో సంతకం పడింది. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ఎగ్జామినర్ ఆ లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే భాగం) ఎందుకు రెండు నుంచి మొదలైందని అడిగితే ఆ అబ్బాయి నోరు విప్పలేకపోయాడు. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు వాడి ముఖం చూసి, నేను చేసింది సాయం కాదని అర్థమైంది. ఇప్పుడు చాట్‌జీపీటీని అడిగినా కోడ్ మొత్తం రాసి ఇచ్చేస్తోంది. ఆ పనే మనమూ చేసేటట్లయితే ఈ సంఘం అక్కర్లేదు.

అందుకే ఆగస్టు 29న, గిడుగు వారి పుట్టినరోజున, కార్యవర్గం కూర్చొని అడిగే పద్ధతి ఒకటి రాసింది. లెక్క ఏం అడుగుతోందో ముందు తన మాటల్లో తెలుగులో చెప్పాలి. తను రాసిన కోడ్ పెట్టాలి, తప్పులతో ఉన్నా సరే. ఏ ఇన్‌పుట్ ఇస్తే ఏం వచ్చింది, ఏం రావాలి అనేది చెప్పాలి. స్క్రీన్‌ను వంకరగా ఫోటో తీసి పంపకుండా ఎర్రర్‌ను అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి పెట్టాలి. జవాబు చెప్పేవాళ్లకూ ఒక నియమం పెట్టాం: పూర్తి ప్రోగ్రాం ఇవ్వకూడదు, వాళ్ల కోడ్‌లోనే తప్పున్న చోటు దగ్గరకు తీసుకెళ్లి వదలాలి. తెలుగులో చెప్పమనడం మీద కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. కానీ వాడుక భాష కోసం గిడుగు, గురజాడ పట్టుబట్టిన ప్రాంతం మనది. ఒక సంఖ్యలోని అంకెల మొత్తం కనుక్కునే లెక్కలో "ఒక్కో అంకెనూ విడదీసి కూడాలి" అని తెలుగులో చెప్పగలిగినవాడు, పదితో భాగిస్తే వచ్చే శేషం దగ్గరకు తనే వెళ్తాడు. ఇది నేను ఈ ఏడాది కళ్లారా చూశాను.

వచ్చిన తప్పుల్లో కొన్ని సభ్యులు గుర్తుంచుకోవాలి, మళ్లీ మళ్లీ అవే వస్తాయి. కోడ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ 8వ లైన్‌లో తప్పుందంటుంది, తీరా చూస్తే సెమికోలన్ లేనిది 7వ లైన్ చివర. ఇన్‌పుట్ తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో అండ్ గుర్తు (&) మర్చిపోతారు. షరతు చూసే ఇఫ్‌లో రెండు ఈక్వల్‌లు పెట్టాల్సిన చోట ఒకటే పెడతారు, అప్పుడు పోల్చడం పోయి విలువే మారిపోతుంది. ఫారన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రాంలో 5ను 9తో భాగించి ఆ తర్వాత గుణిస్తారు. రెండూ పూర్ణాంకాలు కాబట్టి సీ భాషలో ఆ భాగహారంలో దశాంశ భాగం పోయి సున్నా వస్తుంది. ఇక జ్వరం ఎంతున్నా జవాబు సున్నాయే. 5.0 అని రాస్తే సరిపోతుందని చెప్పడం ఒక్క నిమిషం పని. కానీ మధ్యలో విలువను తెర మీద చూపే ప్రింట్‌ఎఫ్ పెట్టి ఆ సున్నా ఎక్కడ పుట్టిందో పిల్లలతోనే వెతికించాం. ఒక్కోసారి అరగంట పట్టింది. ఆ అరగంట వృథా కాలేదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం జరిగే మంగళవారం తర్వాత వచ్చిన ఆదివారం సభ గురించి. ఆ రోజు ల్యాప్‌టాప్‌లు వద్దన్నాం. పని చేయని ప్రోగ్రాం ఒకటి కాగితం మీద రాసుకుని రమ్మన్నాం. ఎవరి కాగితం వాళ్లు పక్కవాళ్లకు ఇచ్చి, వేరియబుల్‌కొక గడి గీసి, ఒక్కో లైన్‌కూ విలువలు రాయిస్తూ డ్రై రన్ చేయించాం. మేడంతా నిండిపోయి మెట్ల మీద కూడా కూర్చున్నారు.

అందులో ఫ్యాక్టోరియల్ (ఒకటి నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటినీ గుణిస్తే వచ్చేది) ప్రోగ్రాం తెచ్చిన ఒక అమ్మాయి ఉంది. నిరుడు గ్రూపులో "కోడ్ పంపండి సార్" అని మాత్రమే అడిగిన అమ్మాయే. "సార్, 12 దాకా సరిగ్గా వస్తోంది, 13కి తప్పు వస్తోంది, లూప్‌లో తప్పు లేదు" అంది. అంతవరకూ తనే తేల్చుకుని వచ్చింది! 12 ఫ్యాక్టోరియల్ 47,90,01,600. 13కి 6,22,70,20,800 రావాలి, తన కంప్యూటర్‌లో 1,93,20,53,504 వచ్చింది. నేను చెప్పబోతే మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. పూర్ణాంకాలు దాచే నాలుగు బైట్ల ఇంట్‌లో ఎంత పెద్ద సంఖ్య పడుతుందో లెక్క వేయమని మాత్రం అడిగారు. ఆ అమ్మాయి బోర్డు మీద రెండును రెట్టింపు చేసుకుంటూ పోయి, చివర ఒకటి తీసేసి, 2,14,74,83,647 దగ్గర ఆగి, "ఇందులో పట్టదు సార్" అంది. నాలుగు బైట్లంటే 32 బిట్లు కాబట్టి, రావాల్సిన సంఖ్యలోంచి 2 టు ది పవర్ 32 తీసేస్తే సరిగ్గా తన తప్పు జవాబే మిగిలింది. మెట్ల మీద వాళ్లు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎనిమిది బైట్ల లాంగ్ లాంగ్‌తో 20 దాకా వెళ్లొచ్చని తర్వాత చెప్పాం. మరి 21కి ఏం చేయాలని వెనక నుంచి ఒక అబ్బాయి అడిగాడు. రెండు వారాల తరగతి ఆ ప్రశ్న మీదే నడిచింది.

ఇక బాధ కలిగించిన విషయాలు. వాలంటీర్లుగా పేరిచ్చిన వాళ్లు పదిమంది, క్రమంగా వచ్చింది ముగ్గురు. విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ ఉద్యోగాలు చేస్తున్న మన సభ్యులకు పని ఒత్తిడి ఉంటుందని తెలుసు. కానీ వస్తామని చెప్పి రాకపోతే, పొద్దున్న ఆరింటికే బయలుదేరి వచ్చిన పిల్లలకు జవాబు చెప్పాల్సింది నేను. రాలేనివాళ్లు ముందురోజు ఒక్క మాట చెప్పండి. నియమం తెలిసి కూడా, తొందరగా వదిలించుకోవడానికి పూర్తి కోడ్ పెట్టేస్తున్న సభ్యులు ఇద్దరున్నారు. వాళ్లతో విడిగా మాట్లాడాను, మళ్లీ మాట్లాడతాను. ఆదివారాలు ఖాళీగా ఉండే ఒక కంప్యూటర్ గది కోసం సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మొదటి అర్జీ కనిపించడం లేదన్నారు, రెండోది పైకి పంపామన్నారు, మూడోదానికి జవాబే లేదు. గదికి తాళం అలాగే ఉంది, మన పిల్లలు ఒక ల్యాప్‌టాప్ చుట్టూ ఐదుగురు కూర్చుంటున్నారు.

జమాఖర్చుల పత్రం కోశాధికారి మీకు విడిగా ఇస్తారు. చందాలు వచ్చాయి, జెరాక్సులకు, టీలకు, ఒక బోర్డుకు ఖర్చయ్యాయి, అప్పు లేదు. ఆడిట్ అయింది.

మేడ ఇచ్చి, కరెంటు బిల్లు కూడా మన దగ్గర తీసుకోని లెక్కల మాస్టారికి, ప్రతి ఆదివారం ఇరవైమందికి తక్కువ కాకుండా టీ పెట్టిన వారి శ్రీమతి గారికి సంఘం రుణపడి ఉంది. అడిగే పద్ధతి కాగితాన్ని సగం ధరకు జెరాక్స్ తీసిచ్చిన షాపు తమ్ముడికి, పాత ల్యాప్‌టాప్‌లు రెండు బాగుచేయించి ఇచ్చిన సభ్యునికి, వానల్లో కూడా మానకుండా వచ్చిన ఆ ముగ్గురు వాలంటీర్లకు పేరుపేరునా కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి వాలంటీర్ల రిజిస్టరు ఈ బల్ల మీదే ఉంది. పేరుతో పాటు ఏయే ఆదివారాలు వస్తారో కూడా రాయండి. ఫ్యాక్టోరియల్ అమ్మాయి పేరు మొదటి లైన్‌లో ఉంది, నెలకు రెండు ఆదివారాలు ఫస్టియర్ వాళ్లకు తను చెబుతానంది.

ఇట్లు,
కార్యదర్శి