తిరుమలదేవి అంటే ఆ ఒక్క తన్నేనా?

సంపాదకుడు గారికి,

మొన్నామధ్య మీ ఆదివారం అనుబంధంలో రాయలవారి రాణుల మీద వేసిన వ్యాసం గురించి ఎవరైనా పెద్దలు రాస్తారేమోనని ఇన్నాళ్ళూ చూశాను. ఎవరూ కిమ్మనలేదు. మళ్ళీ అదే పాత పాట! నిద్రలో తిరుమలదేవి కాలు రాయలకు తగిలిందట, ఆయన అలిగాడట, ఆవిడతో పుట్టింటి అరణంగా వచ్చిన కవి నంది తిమ్మన 'పారిజాతాపహరణం' రాసి రాజీ కుదిర్చాడట. ఇది చాటుకథ అని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది? కావ్యంలో సత్యభామ కృష్ణుణ్ణి తన్నింది కదా అని ఆ కాలు తెచ్చి ఈవిడకు అతికించారు.

పైగా 'సవతుల పోరు' అని ఉపశీర్షిక. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు పేయస్ ఏమన్నాడో తెలుసా? ముఖ్యమైన రాణులు ముగ్గురికీ ఎవరి ఇల్లు వారిదే, డబ్బూ పరివారమూ సమానం, ముగ్గురూ మంచి స్నేహితులు అన్నాడు. పోరు ఎక్కడ దొరికిందో మీ రచయితకే తెలియాలి.

తిరుమల శాసనాలు చూస్తే తెలిసేది. 1513లో రాయలు తొలిసారి కొండకు వచ్చినప్పుడు చిన్నాదేవి, తిరుమలదేవి స్వామివారి పాల నివేదనకు చెరో బంగారు గిన్నె ఇచ్చారు. ఉదయగిరి గెలిచాక, 1514లో తిరుమలదేవి రత్నాల చక్రపతకం సమర్పించి, నైవేద్యాలకు ఓ ఊరినే రాసిచ్చింది. మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో రాయల పక్కన చేతులు జోడించి నిలబడ్డ రాగి విగ్రహాలు ఆ ఇద్దరివే. భుజాల మీద పేర్లు కూడా చెక్కి ఉన్నాయి. 'జరగండి, జరగండి' తోపులాటలో అవి చూసే భాగ్యం మనకెక్కడిది!

రాయలు తన మంత్రి తిమ్మరుసు కళ్ళు తీయించిన కథ పసిపిల్లాడు కూడా చెబుతాడు. 1524లో రాయల కొడుకు, ఆరేళ్ళ తిరుమలరాయలకు పట్టం కట్టారు, కొద్ది నెలలకే పోయాడు, విషం పెట్టారని తిమ్మరుసు మీద అనుమానం పుట్టింది. ఆ పిల్లాణ్ణి కన్నది తిరుమలదేవే. మంత్రి కళ్ళ కోసం అయిదు వందల ఏళ్ళుగా ఏడుస్తున్నాం, ఆ తల్లి ఊసెత్తిన వాడు లేడు. మీ వ్యాసంలోనూ లేదు.

మిమ్మల్ని అని ఏం లాభం లెండి. రాయల ఉత్సవాలంటారు, వేదికెక్కిన ప్రతి నాయకుడూ 'దేశభాషలందు తెలుగు లెస్స' అని, దాని ముందు పాదాలు రాక శాలువా కప్పించుకుని కారెక్కుతాడు. అధికారులకు ఫ్లెక్సీల మీద ఉన్న శ్రద్ధ శాసనాల మీద ఉంటే బాగుండేది. ఊరూరా కూడళ్ళలో రాయలు ఒక్కడే మీసం మెలేస్తూ నిలబడతాడు. తిరుమలలో మాత్రం ఆయన రాణులతో కలిసి నిలబడ్డాడు, ఆయనకు ఉన్న మర్యాద మనకు లేదు.

వచ్చే వారం రాయల తర్వాత గద్దెనెక్కిన అచ్యుతరాయల భార్య వరదాంబిక గురించట. అదే మండపంలో భర్త పక్కన ఆవిడ రాతి విగ్రహం ఉంది. 1542లో భర్త పోయాక, పసివాడైన కొడుకు సింహాసనాన్ని సొంత తోబుట్టువు నుంచి కాపాడుకోవడానికి బీజాపూరు సుల్తానును సాయం అడిగిన మనిషి ఆవిడ. కొడుకు దక్కలేదు, ఆ మేనమామే చంపించాడు. దయచేసి ఇందులో ప్రేమకథ వెతక్కండి.

- ఒక పాఠకుడు, తిరుపతి