దోమలబత్తి చుట్టలా పేర్చుకో

చిన్నా,

ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అని పెట్టేస్తావని రాస్తున్నా. ఇక్కడ అందరం బాగున్నాం. బోరు మోటారు మళ్లీ కాలింది, బాగు చేయించాం. పెద్దత్త మోకాలు అలాగే ఉంది. నువ్వు మాట్లాడి 19 రోజులైంది, లెక్కపెట్టింది మీ అమ్మ, నేను కాదు.

కజిన్స్ గ్రూపులో మూడు పొగపెట్టెల ఫొటోలు పెట్టి మొదటి స్మోకర్ ఏది కొనాలని అడిగావంట కదా, బుజ్జి చూపించాడు. స్మోకర్ అనగానే మీ అమ్మ సిగరెట్ల సంగతనుకుని గాబరా పడింది, మాంసాన్ని పొగలో నెమ్మదిగా వండే పెట్టె అని చెప్పి సర్దాను. నేను మాత్రం నువ్వు పెట్టిన టైమ్ చూశాను. మంగళవారం, మీకు అమెరికాలో పగలు 11. సరే, లంచ్ బ్రేక్ అయ్యుంటుంది.

నిద్ర పట్టక నాలుగు రాత్రులు యూట్యూబ్‌లో ఇవే చూశాను. పక్కన పొయ్యి డబ్బా ఉండే ఆ ఆఫ్‌సెట్ వద్దు. చవకవాటి రేకు పల్చన, వేడి నిలవదు, అరగంటకో ముప్పావుగంటకో కట్టె వేస్తూ రోజంతా కాపలా కాయాలి. అంత తీరిక నీకుందా? ఉంటే ఆ సంగతి వేరేగా చెప్పు. పెల్లెట్లదైతే రైస్ కుక్కర్ లాంటిది, రంపపు పొట్టు బిళ్లలను కరెంటు స్క్రూయే మంటలోకి తోస్తుంది, నువ్వు ఆఫీసు పని చూసుకోవచ్చు. కానీ ఖరీదు. ఈ టైమ్‌లో ఎందుకు అంత?

నా మాటైతే 22 అంగుళాల కెటిల్, అదే మూత ఉండే గుండ్రటి బొగ్గుల గ్రిల్, చాలు. బొగ్గు బిళ్లల్ని అంచు వెంట రెండు వరసలు పేర్చి ఒక కొసన నిప్పు పెడితే దోమలబత్తి చుట్టలా నెమ్మదిగా కాలుకుంటూ పోతుంది, గంటల తరబడి 225 నుంచి 250 ఫారెన్‌హీట్ నిలుస్తుంది. రేపు స్మోకింగ్ మీద మోజు పోయినా మామూలు గ్రిల్‌గా పనికొస్తుంది. బాల్కనీలో మాత్రం పెట్టకు, అపార్ట్‌మెంట్ వాళ్ల రూల్స్ ముందు చదువు. వాన పడుతోందని గ్యారేజీలోకి లాక్కురాకు, బొగ్గు పొగ మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది.

కొనగానే మాంసం పెట్టకు. మీ బాబాయ్ డ్రమ్ము సంగతి నీకు గుర్తుండదు, అప్పుడు నీకు నాలుగేళ్లు. చిన్నత్త పెళ్లయిన ఏడాది, అల్లుడు మొదటిసారి ఆషాఢం దాటి వచ్చాడని, పాత సామాన్ల కొట్టులో 200 లీటర్ల డ్రమ్ము కొని, వెల్డింగ్ షాపులో నిలువునా కోయించి, మడతబందులు పెట్టించి, పైన నీలం రంగు కూడా వేయించాడు. పన్నెండు కోళ్లు. వానలో తడిసిన తుమ్మ కట్టెలు. తెల్లటి పొగ ఊరంతా కమ్మింది, ఎవరి కళ్లు చూసినా నీళ్లే. మీ నానమ్మ అరుగు మీద నుంచి, "కొత్త కుండనైనా గంజి కాచి వాడతాం, దీన్ని ఉత్తగా ఓసారి కాల్చకుండా కోళ్లెందుకు పెట్టావురా" అని అరుస్తూనే ఉంది, వినలేదు. కోళ్లన్నీ పెయింటు వాసన. కొత్తల్లుడు మొహమాటానికి రెండు ముక్కలు తిన్నాడు. రాత్రికి అందరికీ పప్పు, కోడిగుడ్డు అట్టు. చిన్న మామయ్య ఇప్పటికీ మన ఇంట్లో చికెన్ ముక్కని వాసన చూశాకే నోట్లో పెట్టుకుంటాడు, గమనించు.

అందుకే ముందు ఖాళీగా రెండు మూడు గంటలు బాగా కాల్చు. కట్టె ఎండినదే వాడు, పొగ పల్చగా నీలంగా రావాలి, తెల్లగా చిక్కగా వస్తే చేదు. మూత మీది మీటర్‌ను నమ్మకు, మాంసంలో గుచ్చే థర్మామీటర్ వేరే కొను. కోడి లోపల 165 రావాలి. ముందు కోడి కాళ్లతో మొదలుపెట్టు, తర్వాత పంది భుజం, కొవ్వుంటుంది కాబట్టి నీ తప్పులు కాస్తుంది. బ్రిస్కెట్ జోలికి అప్పుడే పోకు. అది గొడ్డు మాంసమని నాకు తెలుసు. మీ అమ్మకు చెప్పను.

కొండాపూర్ మామయ్య మొన్న నిశ్చితార్థంలో కలిశాడు. డల్లాస్‌లో చాలామందిని ఉద్యోగాల్లోంచి తీసేస్తున్నారంట, హెచ్1 వీసా వాళ్లకి ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులే గడువంట కదా, మీవాడు ఎలా ఉన్నాడు అని అడిగాడు. బిజీగా ఉన్నాడు అన్నాను. అంతే చెప్పాను.

ఒకటి మర్చిపోయాను. భుజం ముక్క లోపలి వేడి 150, 160 దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది, గంటల తరబడి కదలదు. తడి ఆవిరై ముక్కను చల్లబరుస్తుందంట, మనకు చెమట పట్టినట్టు. కొత్తవాళ్లు అక్కడే కంగారుపడి మంట పెంచుతారు, మూత తీసి తీసి చూస్తారు. నువ్వు తీయకు. తెల్లవారుజామున 5కి పెడితే నీకు పగలు 11 అయ్యేసరికి ఆ దశలో ఉంటుంది, చేయడానికి పనేం ఉండదు, నాకు రాత్రి 9:30. అప్పుడు ఫోన్ చెయ్యి. బీపీ మాత్ర వేసుకుని కూర్చునే ఉంటా, మీ అమ్మ పడుకుని ఉంటుంది.

మన కారం వేస్తే సగమే వెయ్యి. ఎఫ్‌డీ ఒకటి వచ్చే నెల మెచ్యూర్ అవుతుంది, ఊరికే చెబుతున్నా.

నాన్న