ఎంబీబీఎస్ సీట్ల వార్తతో పాటు పీజీ సీట్ల సంగతీ రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కొత్త మెడికల్ కాలేజీలు వచ్చాయని, ఎంబీబీఎస్ సీట్లు పెరిగాయని పేపర్లో పడినప్పుడల్లా మా షాపుకి వచ్చేవాళ్లు సంతోషంగా ఆ మాట ఎత్తుతారు, ఇక మన పిల్లలకీ డాక్టర్ చదువు అందుతుందండీ అంటారు. నాది మహారాణిపేటలో మందుల షాపు, ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి దగ్గర్లోనే. మా అమ్మాయి ఎంబీబీఎస్ చేసి, ఆసుపత్రిలో ఏడాది చేసే హౌస్ సర్జన్సీ కూడా పూర్తిచేసి, ఇప్పుడు పీజీ, అంటే స్పెషలిస్టు చదువు, సీటు కోసం చదువుతోంది. అందుకని ఆ వార్త చూసినప్పుడు నాకు ముందు వచ్చే ప్రశ్న ఒకటే, వీళ్లంతా ఐదున్నరేళ్ల తర్వాత ఎక్కడికి వెళ్తారు? ఆ సంగతి ఎవరూ వివరంగా రాయడం లేదు కాబట్టి నేనే రాస్తున్నాను, కాస్త పొడుగైనా దయచేసి వేయండి.

కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్కలే తీసుకుందాం. 2014కి ముందు దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు 51,348, పీజీ సీట్లు 31,185. 2024కి వచ్చేసరికి ఎంబీబీఎస్ 1,12,112, పీజీ 72,627. శాతం చూస్తే పీజీ సీట్లే ఎక్కువ పెరిగాయి, అది ఒప్పుకోవాలి, ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. కానీ తీసివేత చేసి చూడండి. అప్పట్లో ఆ రెండింటికీ తేడా ఇరవై వేలు, 2024లో దాదాపు నలభై వేలు. సీటు రానివాళ్లు ఊరుకోరు కదా, మళ్లీ ఏడాది రాస్తారు, ఆ పై ఏడాదీ రాస్తారు, వాళ్లకి తోడు ఫిలిప్పీన్స్, రష్యా, కిర్గిజ్‌స్థాన్ వెళ్లి చదివి ఇక్కడ ఎఫ్ఎంజీఈ అనే అర్హత పరీక్ష పాసైనవాళ్లు, మంచి బ్రాంచ్ కోసం ఉన్న సీటు వదులుకుని మళ్లీ రాసేవాళ్లు. ఇలా ఏటేటా పోగై 2024లో పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీ రాసినవాళ్లే 2,16,000 మంది దాటారు.

ఇందులో ఇంకో విషయం ఉంది, దీన్ని చాలామంది గమనించడం లేదు. ఇవాళ పరీక్ష రాస్తున్నవాళ్లు ఐదారేళ్ల కిందట చేరినవాళ్లు. మన విజయనగరం కాలేజీ 2023లో మొదలైంది, పాడేరు కాలేజీ 2024లో 50 సీట్లతో మొదలైంది. ఆ మొదటి బ్యాచ్‌లు హౌస్ సర్జన్సీ ముగించుకుని బయటికొచ్చేది 2029లో, 2030లో. అంటే పెరిగిన సీట్లలో చేరిన పిల్లలు ఇంకా పూర్తిగా పోటీలోకి రానే లేదు, ఇప్పుడే ఇంత రద్దీ. వాళ్లు వచ్చేనాటికి సీట్లు సిద్ధం చేయాలంటే పని ఇవాళ మొదలుపెట్టాలి, ఎందుకంటే ఒక డిపార్ట్‌మెంట్‌కి ప్రొఫెసర్లని పెట్టి, పడకలు చూపించి, ఇన్‌స్పెక్షన్ చేయించి పీజీ సీటు తెచ్చుకోవడం ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు.

సీటు అంటే ఏ సీటైనా ఒకటే అనుకునేవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి. రేడియాలజీ, డెర్మటాలజీ, జనరల్ మెడిసిన్ లాంటివి పై ర్యాంకుల్లోనే అయిపోతాయి. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ సీట్లు చివరిదాకా మిగులుతాయి. 2021 నీట్ పీజీ కౌన్సెలింగ్ అయ్యాక 1,456 సీట్లు ఖాళీగా ఉండిపోతే విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023లో అయితే సీట్లు నింపడం కోసం కటాఫ్‌ని జీరో పర్సంటైల్‌కి దించారు, అంటే పరీక్ష రాస్తే చాలు కౌన్సెలింగ్‌కి అర్హులే. ఇది విని మా బంధువొకాయన, మరి సీట్లు మిగిలిపోతుంటే పోటీ ఏమిటండీ అన్నారు. మిగిలేవి ఎక్కువగా రోగిని చూడని సబ్జెక్టుల సీట్లు, లేకపోతే ప్రైవేటు కాలేజీల్లో మధ్యతరగతి ఇంటికి అందని ఫీజు ఉన్న సీట్లు. రోగిని ముట్టుకుని వైద్యం చేయాలని చదివిన పిల్లకి, ప్రభుత్వ కాలేజీలో, క్లినికల్ సీటు కావాలంటే పోటీ వేరే స్థాయిలో ఉంటుంది. కటాఫ్ దించినా ఆ సీట్లు ఒక్కటి కూడా పెరగవు.

ఇక పరీక్ష తేదీలు. 2021లో సెప్టెంబరు 11న పెట్టారు. 2022లో మే 21, 2023లో మార్చి 5, 2024లో ఆగస్టు 11, 2025లో ఆగస్టు 3. వీటిలో ఏ రెండు వరస ఏళ్లని చూసి మూడో ఏడాది తేదీ ఊహించగలరో చెప్పండి. 2024లో అయితే జూన్ 23న పరీక్ష అన్నారు, పిల్లలు ముందురోజే వేరే ఊళ్లు చేరి లాడ్జిల్లో దిగారు, ఇక పొద్దున్నే వెళ్లి రాయడమే అనుకుంటుండగా ఆ రాత్రి వాయిదా అని చెప్పారు. ఆగస్టులో మళ్లీ పెట్టినప్పుడు రెండు షిఫ్టులు, ఒక షిఫ్టు పేపరు కష్టంగా ఉంటే మార్కులు సర్దడానికి నార్మలైజేషన్. 2025లో కూడా రెండు షిఫ్టులే అంటే పిల్లలు కోర్టుకి వెళ్లారు, మే 30న సుప్రీంకోర్టు ఒకే షిఫ్టులో పెట్టమంది, మంచి తీర్పే, కాకపోతే జూన్ 15న జరగాల్సింది ఆగస్టు 3కి వెళ్లింది. ఆ తర్వాత కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి అక్టోబరు. వసంతంలో హౌస్ సర్జన్సీ అయిన పిల్ల క్లాసులో అడుగు పెట్టేసరికి ఏడాది దగ్గర పడుతుంది, అది కూడా మొదటిసారే సీటు వస్తే.

ఈ ఏడాదిలో, రెండేళ్లలో ఏం జరుగుతుందో నేను దగ్గర్నుంచి చూస్తున్నాను, అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మా అమ్మాయి రాత్రుళ్లు క్యాజువాలిటీలో కుట్లు వేసేది, లేబర్ రూమ్‌లో కాన్పులు చూసేది, పాముకాటుతో వచ్చినవాళ్లకి ఏం చేయాలో, ఆయాసంతో వచ్చిన ముసలాయనకి ముందు ఏం ఇవ్వాలో నాకు అన్నం తింటూ చెప్పేది. సమాజం డబ్బు ఖర్చు పెట్టి అంత చదువు చెప్పించి, చేతికి పని అలవాటయ్యాక, ఆ పిల్లని తీసుకెళ్లి రీడింగ్ రూమ్‌లో కూర్చోబెడుతున్నాం. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా యాప్‌లో వీడియోలు, క్వశ్చన్ బ్యాంకులు, ఆదివారం గ్రాండ్ టెస్టు. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు, సరైన జవాబుకి 4 మార్కులు, తప్పుకి 1 కోత. ఎవరికీ గుర్తుండని సిండ్రోముల పేర్లు నోటికొస్తాయి, చేతికొచ్చిన పని మాత్రం మరుగున పడుతుంది. ఇది మా అమ్మాయి మాటే, నాన్నా ఇప్పుడు నన్ను కుట్లు వేయమంటే చేయి వణుకుతుందేమో అంది. డాక్టర్ చదివిన పిల్ల ఆ మాట అంటే తండ్రికి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

పని చేసుకుంటూ చదవొచ్చు కదా అంటారు. కొన్నాళ్లు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌గా చేసింది. రాత్రంతా వార్డు మొత్తం తన మీదే, జీతం చూస్తే మా షాపులో అనుభవం ఉన్న కుర్రాడి జీతానికి కాస్త పైన, సెలవు అడిగితే ఇంకొకరు దొరుకుతారు అనే సమాధానం. వాళ్లకి దొరుకుతారు కూడా, ఎందుకంటే సీటు కోసం ఎదురుచూసే పిల్లలు ఈ ఊళ్లో వీధికి పదిమంది ఉన్నారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు చదవలేక మానేసింది. ఇంట్లో కూర్చుంటే చుట్టాలు, ఒట్టి ఎంబీబీఎస్సేనా, పీజీ ఎప్పుడమ్మా అని మొదలుపెడతారు, ఆ వెంటే పెళ్లి మాట. మగపిల్లలకీ ఈ టెన్షన్ తక్కువేం కాదు, అప్పు చేసి చదివించిన ఇళ్లలో మరీను.

ఆ చుట్టాల్ని మాత్రం ఏమంటాం, మనందరం అలాగే ఉన్నాం. నా కౌంటర్ మీదకి రోజూ వచ్చే చీటీలు చూస్తుంటాను, రెండు రోజుల దగ్గుకి ఊపిరితిత్తుల స్పెషలిస్టు, మామూలు బీపీకి గుండె డాక్టరు. ఎంబీబీఎస్ డాక్టరు ఆ జబ్బుల్ని చక్కగా చూడగలడు, కానీ మనం వెళ్లం. మనం వెళ్లనంతకాలం పిల్లలు పేరు వెనక ఇంకో రెండక్షరాల కోసం పరుగెడుతూనే ఉంటారు.

అమెరికా పంపించమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అక్కడా మార్చిలో మ్యాచ్ అని పీజీ సీట్ల కేటాయింపు జరుగుతుంది, బయటి దేశాల్లో చదివిన విదేశీయుల్లో 2024లో, 2025లో నూటికి 58 మందికే సీటు దొరికింది. పరీక్షల ఫీజులు, అప్లికేషన్లు, అక్కడికి వెళ్లి ఆసుపత్రిలో పని చూస్తూ ఉండే అబ్జర్వర్‌షిప్‌లు అన్నీ మన జేబులోంచే. దానికి తోడు వీసా భయం. అందరూ వెళ్లగలిగేదీ కాదు, వెళ్లాలనీ అనుకోరు.

ఇంకోవైపు చూడండి. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉన్న ఊరు మనది. కేజీహెచ్‌కి శ్రీకాకుళం నుంచి, మన్యం నుంచి, ఒడిశాలో కోరాపుట్ వైపు నుంచి కూడా రోగులు వస్తారు. ఏజెన్సీలో ఇప్పటికీ గర్భిణుల్ని డోలీలో రోడ్డు దాకా మోసుకొస్తున్నారని మీరే ఫొటోలు వేస్తుంటారు. అక్కడ డాక్టరు లేక మనుషులు పోతుంటే, ఇక్కడ డాక్టర్లు రీడింగ్ రూముల్లో ఉన్నారు. రాత్రిపూట పెద్దాసుపత్రులు నడిచేదే పీజీల మీద, అది ఎవరూ కాదనరు. రెసిడెంట్ డాక్టర్లకి, అంటే పీజీ చేస్తూ ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకి, మామూలుగా రోజుకి 12 గంటలు, వారానికి 48 గంటలు మించి డ్యూటీ వేయకూడదని కేంద్రం 1992లోనే ఉత్తర్వు ఇచ్చింది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్‌లో ఆ పీజీ డాక్టరమ్మ హత్య జరిగినప్పుడు, 36 గంటల డ్యూటీలు మామూలేనని దేశమంతా తెలిసింది. ఆ 1992 ఉత్తర్వుని నిజంగా పాటిస్తే ఇప్పుడున్న రోగులకే ఎక్కువమంది రెసిడెంట్లు కావాలి. అంటే సీట్ల అవసరం ఆసుపత్రుల వైపు నుంచే ఉంది, మా పిల్లల కోసం దయతలచి ఇమ్మని అడగడం కాదు ఇది.

దారులు కూడా ఉన్నాయి. 2020 నుంచి, నీట్ పీజీ పెట్టే నేషనల్ బోర్డు రెండేళ్ల డీఎన్‌బీ డిప్లొమాలు పెట్టింది, మత్తు, కాన్పులు, పిల్లల వైద్యం, కంటి వైద్యం, ఈఎన్‌టీ, రేడియాలజీ, టీబీ-ఛాతీ, ఫ్యామిలీ మెడిసిన్ అని ఎనిమిది, వంద పడకలున్న ఆసుపత్రులు కూడా ఆ సీట్లు అడగొచ్చు. 220 పడకలు దాటిన ప్రభుత్వ ఆసుపత్రుల్ని బోధనాసుపత్రులుగా గుర్తించేలా 2025లో నిబంధన సడలించారు. అలాంటప్పుడు అనకాపల్లి, నర్సీపట్నం, పార్వతీపురం, టెక్కలి ఆసుపత్రుల్లో పిల్లలు ట్రైనింగ్ అవుతూ వైద్యం చేయొచ్చు కదా. అక్కడ ఒక మత్తు డాక్టరు, ఒక కాన్పుల డాక్టరు రాత్రి ఉంటే ఎన్ని కేసులు విశాఖకి రిఫర్ కాకుండా ఆగుతాయో లెక్క వేయండి. ముఖ్యంగా ఫ్యామిలీ మెడిసిన్ సీట్లు పెంచితే, పైన చెప్పిన ఆ ఒట్టి ఎంబీబీఎస్ చిన్నచూపు కూడా కొంత తగ్గుతుందని నా నమ్మకం.

ఇన్‌సర్వీస్ కోటా కూడా అంతే. ప్రభుత్వ పీహెచ్‌సీలో కొన్నేళ్లు చేస్తే పీజీలో కోటా ఉంటుందని ఎంతోమంది ఏజెన్సీకి వెళ్లారు. తీరా ఆ కోటా తగ్గిస్తామంటే 2024లోనూ, 2025లోనూ మన రాష్ట్రంలో పీహెచ్‌సీ డాక్టర్లు సమ్మెకి దిగాల్సి వచ్చింది. కోటా ఎంత ఉండాలి అన్నదాని మీద వాదనలుండొచ్చు, నాకు ఆ లోతు తెలుసని చెప్పను, కానీ చేరినప్పుడు ఉన్న నిబంధన వాళ్లు పరీక్ష రాసేదాకా మారకూడదు. అది గట్టిగా రాసి ఇస్తే మా అమ్మాయి రేపే పాడేరు వైపు పీహెచ్‌సీలో చేరతానంటోంది, తన స్నేహితురాళ్లూ అదే మాట అంటున్నారు.

పరీక్ష తేదీ మాత్రం ఖర్చు లేని పని. హౌస్ సర్జన్సీ ముగిసే నెల తెలుసు, పరీక్ష ఏ నెలలో ఉండాలో నిర్ణయించి మూడేళ్లకి ముందే ప్రకటించవచ్చు. ఒకే షిఫ్టు అని కోర్టు చెప్పేదాకా ఆగక్కర్లేదు. ప్రైవేటు కాలేజీలు కౌన్సెలింగ్‌కి ముందే ఫీజులన్నీ బయటపెట్టాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది, అది ప్రతి కాలేజీ విషయంలో జరుగుతోందో లేదో ఎవరైనా చూడాలి.

మీకు నా విన్నపం ఒకటి. నీట్ ర్యాంకులొచ్చిన రోజు పిల్లల ఫొటోలు వేస్తారు, వేయండి, వాళ్లు కష్టపడ్డారు. దానితో పాటు మీ విలేకరుల్ని ఉత్తరాంధ్రలోని ఏరియా, జిల్లా ఆసుపత్రులకి ఒకసారి పంపండి. ఎన్ని పడకలున్నాయి, డీఎన్‌బీ సీట్లకి దరఖాస్తు పెట్టారా, పెట్టకపోతే ఏ ఫైలు ఎక్కడ ఆగింది, స్పెషలిస్టు పోస్టులు ఎన్ని ఖాళీ, ఈ నాలుగూ ఆసుపత్రుల వారీగా అడిగి వేయండి. ఆ వివరాలు అచ్చులో ఉంటే మా ఎమ్మెల్యే దగ్గరికి, కలెక్టరు గారి అర్జీల కార్యక్రమానికి పట్టుకెళ్లడానికి మాలాంటి తల్లిదండ్రులం చాలామందిమి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక ఎంబీబీఎస్ డాక్టరు తండ్రి,
మహారాణిపేట, విశాఖపట్నం